మిషన్ మాట

జనవరి 3, శనివారం. పౌర్ణమి.

గుడికి పోయి వచ్చేసరికి దశరథం మామ మా గడప ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. సంఘం పెద్ద ఆయన. మార్కండేయ జయంతి ఊరేగింపులో ఈసారి మన పద్మశాలీలందరి తలకూ టోపీ ఉండాలని అనుకున్నారట. తెల్ల టోపీ, ముందర కాషాయం దారంతో శివలింగాన్ని వాటేసుకున్న మార్కండేయుడు. మొత్తం మూడు వందలు. సూరత్ రింగ్ రోడ్‌లో పెద్ద మిషన్ల వాళ్ళకు ఇద్దామని సంఘంలో కొందరు అన్నారట. నన్ను ఒక మాట అడిగి పోదామని మామ వచ్చాడు.

"ఎక్కడికీ ఇయ్యద్దు మామా. నేను చేసిస్త."

"నీది ఒక్క తల మిషన్, ఒక్కపారి ఒక్కటే కుడ్తది. ఆళ్ళవి పన్నెండు తలలయి. అయితదా బిడ్డా?"

"దేవుని బొమ్మ మన లింబాయత్ దాటి పోవుడెందుకు? జయంతి ముందటి రోజు మీ చేతుల పెడ్త."

మామ సరేనని లేచాడు. పోతూ పోతూ, ఊరేగింపు చూడటానికి ఈసారి ఉధ్నా సంఘం వాళ్ళు కూడా వస్తున్నారని చెప్పాడు. అంటే పని బాగుండాలని.

నా పని ఎప్పుడు బాగా లేదు? ఇరవై ఏళ్ళు మరమగ్గాల కార్ఖానాలో, సాంచాల నడుమ కూర్చుని కండెలు చుట్టాను. ఆ కార్ఖానా అమ్ముడుపోయాక ఈ ఎంబ్రాయిడరీ మిషన్ నేర్చుకున్నాను. కంప్యూటర్ మిషనే గానీ, నేను దాని తెర చూసి నడపను. చప్పుడు విని నడుపుతాను. దారం బిగిస్తే ఒక చప్పుడు. బాబిన్ అయిపోవస్తే ఒక చప్పుడు. సూది మొన వంగితే టక్ టక్ మని ఇంకొకటి. మిషన్ మాట భాగీరథికి తెలుసని ఈ గల్లీలో ఎవరిని అడిగినా చెబుతారు.

స్వామీ, నీ పని. నడిపించు.

జనవరి 5, సోమవారం

వరాఛాలో డిజైన్లు చేసే ఆయన మార్కండేయుని బొమ్మను కంప్యూటర్‌లో కుట్లుగా మార్చి పంపాడు. మొదటి టోపీ కుట్టాను. లింగం చుట్టూ బాలుని చేతులు కలవలేదు. నడుమ సందు మిగిలింది. దాన్ని తీసి స్వామి గూట్లో ఓ మూలకు పెట్టాను.

చూడగానే తెలిసింది. చీరకు చేసినట్టు ఒక అంచు నుంచి మొదలుపెట్టి రెండో అంచుకు పోయాడు. చీర చదునుగా పరుచుకుంటుంది. టోపీ గుండ్రం, పైగా నుదుటి నడుమ మందంగా అతుకు కుట్టు ఉంటుంది. ఒక పక్క నుంచి కుట్టుకుంటూ పోతే బట్ట జరిగిపోతుంది. అందుకే నడుమ మొదలుపెట్టి రెండు పక్కలకూ పోవాలి. చెల్లెలు ప్రమీలతో ఫోన్ చేయించాను. నా ఫోన్ పాతదైపోయింది, మాటలు సరిగ్గా రావడం లేదు. ఆయన నవ్వాడట. పొద్దంతా చీరలే చేస్తుంటే చెయ్యి అటే పోయిందన్నాడట. సాయంత్రానికి మార్చి పంపాడు.

రెండో టోపీలో చేతులు కలిశాయి. సరిగ్గా ఆ అతుకు మీదే, లింగాన్ని గట్టిగా పట్టుకుని. దేవుని ముందు పెట్టి దండం పెట్టుకున్నాను.

ప్రమీల ఆ టోపీని తన తల మీద పెట్టుకుని అద్దంలో చూసుకుంది. నలభై ఆరేళ్ళు వచ్చినా చిన్నతనం పోలేదు.

జనవరి 6

ప్రమీల ఈమధ్య నెమ్మదిగా మాట్లాడుతోంది. చిన్నప్పుడు గల్లీ ఆ చివర నుంచి పిలిచే పిల్ల. భర్త చనిపోయి ఆమె నా దగ్గరికి వచ్చిన కొత్తలో కూడా ఇల్లంతా ఆమె గొంతే. ఇప్పుడేమో నోట్లోనే అనుకుంటోంది. మనసులో ఏదో పెట్టుకుంది.

మిషన్ మీద కూర్చోనివ్వలేదని కావచ్చు. రెండు మూడుసార్లు అడిగింది. ఆమె పని దారం కొసలు కత్తిరించడం, కుట్టు వెనక అతికిన కాగితం చింపడం, ఆవిరి పెట్టి చదును చేయడం. ఆ పని బాగా చేస్తుంది. మిషన్‌కు మాత్రం నెమ్మది కావాలి. ఆమెకు తొందర ఎక్కువ.

జనవరి 8, గురువారం

పక్కింటి వెంకటవ్వ వచ్చి కూర్చుంది. భర్తతో పాటు ఆమె కూడా జన్మంతా సాంచాల దగ్గరే ఉంది. రెండు చెవులూ పోయాయి. కొడుకు డాక్టర్ దగ్గరికి తీసుకుపోయి చెవికి మిషన్ పెట్టిస్తే పది రోజుల్లో తీసి డబ్బాలో పడేసింది.

"పెట్టుకున్నంక కోడలు అనే మాటలన్నీ ఇనవడ్డయ్. ఆ బాధకంటె గిదే నయమనిపించింది" అంది. ప్రమీల నవ్వలేక చచ్చింది.

పాపం వెంకటవ్వ. ఏం చెప్పినా మూడుసార్లు చెప్పాలి. కానీ నాతో మాత్రం ఇబ్బంది పడదు. ఆ మాట ఆమే అంది.

"ఈ గల్లీల నీ ఒక్కదాని మాటనే నాకు సక్కగ ఇనవడ్తది బిడ్డా."

స్పష్టంగా మాట్లాడటం మా నాన్న నేర్పిన అలవాటు.

ప్రమీల అటు తిరిగి కాగితాలు చింపుతోంది.

జనవరి 9

సాయంత్రం తమ్ముడు పరమేశ్వర్ సాంచాల డ్యూటీ దిగి వచ్చాడు. నేను మిషన్ దగ్గర ఉన్నాను. వాడూ ప్రమీలా తలుపు దగ్గర నిలబడి మాట్లాడుకున్నారు. పెదవులు కదులుతున్నాయి, మాట బయటికి రావడం లేదు. నేను తలెత్తగానే ఆపేశారు.

నాకు తెలియకుండా ఏం మాట్లాడుకోవాలి? ఈ ఇద్దరినీ నా చేతుల మీద పెంచాను.

లేచి దీపం పెట్టుకున్నాను.

జనవరి 10, శనివారం

గుడిలో గంట మార్చినట్టున్నారు. పాత గంట కొడితే ఆ మోత ఒంట్లోకి దిగి చాలాసేపు ఉండేది. ఇది దబ్ మని ఊరుకుంటోంది. ఎవరో కొత్తగా ఇచ్చి ఉంటారు. ఇప్పటి లోహం అంతే.

మా ఇంటి పూజ గంట కూడా మునుపటిలా లేదు. చింతపండుతో గట్టిగా తోమమని ప్రమీలకు చెప్పాను.

జనవరి 11

టోపీలు సగం దాటాయి. పాడైందని ఒక్కటీ పక్కన పెట్టలేదు. మామ వచ్చి చూసుకుని, చేతులు జోడించి పోయాడు. టోపీలోని స్వామికి మొక్కాడో నాకు మొక్కాడో తెలియలేదు. స్వామికే అనుకున్నాను.

జనవరి 12, సోమవారం

పొద్దున కుట్టినవన్నీ పోయాయి.

మధ్యాహ్నం ప్రమీల వాటికి ఆవిరి పెట్టింది. పెట్టి, ఒకటి తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. లింగం పొడుగునా బట్టకు చిన్న చిన్న చిల్లులు. ఇంకొకటి తెచ్చింది. అదీ అంతే. ఒక గుట్ట మొత్తం అంతే. సూది మొన ఎప్పుడో ఆ నడుమ అతుకు మీద వంగింది. వంగిన మొనతోనే పొద్దంతా పొడుచుకుంటూ పోయింది. కుట్టు పైనుంచి బాగానే కనబడింది. ఆవిరి తగిలాక బయటపడింది.

"టక్ టక్ అనుకుంట నడుస్తుంటె ఇనవడలేదా అక్కా?"

మిషన్ చప్పుడు చేయలేదని చెప్పాను. నేను దాని ముందే ఉన్నాను. చేసి ఉంటే నాకు తెలియదా?

ప్రమీల చాలాసేపు టోపీని అటూ ఇటూ తిప్పింది. తర్వాత నా ఎదురుగా వచ్చి కూర్చుని చెప్పింది.

"నేను వంటింట్ల నుంచి ఇన్న. పొద్దటి నుంచి ఇన్న. నువ్వు మిషన్ ముందలనే ఉన్నవ్ గద, తెలిసే నడిపిస్తున్నవ్ అనుకున్న."

ఈసారి సూదులు మంచివి రాలేదు.

జనవరి 13

సూదులు మంచివి రాలేదు. అంతే.

జనవరి 14, బుధవారం. ఏకాదశి.

ఉత్తరాయణ్, మన సంక్రాంతి. సూరత్ మొత్తం మేడల మీదే ఉంది. ఉపవాసం ఉన్నాను. ప్రమీల బలవంతం చేస్తే పైకి ఎక్కాను. ఆకాశంలో ఖాళీ లేదు, అన్నీ గాలిపటాలే. పక్క మేడ మీద పెద్ద స్పీకర్లు పెట్టారు. పిల్లలు బూరలు ఊదుకుంటూ తిరుగుతున్నారు. ఒక బుడ్డది నా వెనకే నిలబడి ఊదిందట. ప్రమీల రెండు చెవులూ మూసుకుని మొహం చిట్లించింది. నాకు ఏ ఇబ్బందీ అనిపించలేదు. ప్రశాంతంగా ఉన్నాను. అందరూ ఇంత అల్లాడటం దేనికో అనుకున్నాను.

గల్లీకి అవతలి మేడ మీద పరమేశ్వర్ ఉన్నాడు. వాడు నన్ను చూసి పొట్ట ముందు చెయ్యి గుండ్రంగా తిప్పాడు. సాంచాల దగ్గర దాని అర్థం, సేఠ్ వస్తున్నాడని. కిందికి చూస్తే పొట్ట ముందేసుకుని దశరథం మామ నడిచిపోతున్నాడు. నవ్వు ఆగలేదు. కార్ఖానాలో ఎవరి మాటా ఎవరికీ వినపడదు. అందరం చేతులతోనే మాట్లాడుకునేవాళ్ళం. బొటనవేలూ చూపుడువేలూ రాస్తే పోగు తెగిందని. పిడికిలి బిగించి తిప్పితే సాంచ ఆగిందని. అరచేతిని గుండె మీద రెండుసార్లు తడితే బట్ట బాగా వచ్చిందని. వాడికి ఇవన్నీ నేనే నేర్పాను. అక్కడ నుంచి వాడు, ఇక్కడ నుంచి నేను, చాలాసేపు మాట్లాడుకున్నాం. కొన్ని వారాలుగా వాడితో ఇంత హాయిగా మాట్లాడింది లేదు.

తర్వాత వాడు కిందికి దిగి, మా మెట్లెక్కి వచ్చి నా ముందు గొంతుక్కూర్చున్నాడు. ప్రమీల వాడి వెనక నిలబడింది. వాడు చెయ్యెత్తి వేలితో నా చెవిని చూపించాడు. పిడికిలి బిగించి తిప్పాడు.

సాంచ ఆగింది.

నేను లేచి కిందికి వచ్చేశాను.

జనవరి 15, గురువారం

పూజారిని అడిగాను. గంట మార్చలేదట.

జనవరి 16, శుక్రవారం

నిన్న రాత్రి అడిగితే ప్రమీల అన్నీ చెప్పింది. ఇన్నాళ్ళూ వాళ్ళు గుసగుసలు ఆడలేదట. నా ముందే, మామూలు గొంతుతోనే, నన్ను డాక్టర్‌కు చూపించాలని మాట్లాడుకున్నారట. నేను తలెత్తితే, విన్నానేమో, బాధపడతానేమో అని ఆపేవాళ్ళట. వినలేదని తెలిసి మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళట.

పొద్దున దశరథం మామ వచ్చాడు. చిల్లుల సంగతి ఆయనకు ఎవరి ద్వారానో తెలిసింది. ఆయన మంచివాడు, గట్టిగా ఏమీ అనడు. కూర్చుని టీ తాగాడు. ఆయన పెదవుల మీదే కళ్ళు పెట్టి విన్నాను. మిగిలిన టోపీలు ఇచ్చేస్తే రింగ్ రోడ్‌లో చేయిస్తానన్నాడు. నా పనికి వంక పెట్టడం లేదన్నాడు. టైం లేదన్నాడు.

నేను సరే అంటే అయిపోయేది. సూదుల మీద చెప్పి ఊరుకుంటే ఇంకా తేలిగ్గా అయిపోయేది. గూట్లో స్వామి వైపు చూశాను. ఆ మొదటి టోపీ ఇంకా అక్కడే ఉంది. చేతులు కలవనిది. ఎందుకు పారేయలేదో నాకే తెలియదు.

"మామా, సూదిది తప్పు లేదు. నాకు ఇనవడ్తలేదు. సాంచాల చెవులు. వెంకటవ్వకు పోయినట్టె నాకూ పోతున్నయ్."

ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు.

"గని టోపీలు ఇయ్యను. మాటిచ్చిన. మిషన్ మీద ప్రమీల కూసుంటది."

"నేనా?" అంది ప్రమీల. ఆ మాట నాకు వినపడలేదు, మొహం చూస్తే తెలిసింది.

"ఆమె ఎన్నడన్న నడిపిందా బిడ్డా?"

"నడపలేదు మామా. నేనే నడపనియ్యలేదు. గని సూది వంగుడు వంటింట్ల నుంచి పట్టింది. ఇనుడు వచ్చినదానికి నడుపుడు ఎంతసేపు?"

మామ ప్రమీల వైపు చూశాడు, నా వైపు చూశాడు. ఏదో అన్నాడు. తల తిప్పేసి అన్నాడు కాబట్టి అర్థం కాలేదు. ఆయన పోయాక ప్రమీల చెప్పింది. జయంతి ముందటి రోజు దాకా చూస్తానన్నాడట. పరమేశ్వర్ రాత్రి డ్యూటీ నుంచి వస్తూ, పాడైనవాటికి బదులు తెల్ల టోపీలు తెచ్చాడు.

మధ్యాహ్నం నా స్టూలు మీది దుప్పటి ముక్క తీసి దులిపి, మళ్ళీ వేసి, ఆమెను కూర్చోబెట్టాను.

జనవరి 17, శనివారం

ప్రమీల కుట్టిన మొదటి టోపీ వంకర. బాలుడు లింగాన్ని పట్టుకుని పక్కకు ఒరిగిపోయాడు. ప్రమీల చూసి నవ్వు పట్టలేక కింద కూర్చుండిపోయింది. నేను కూడా నవ్వాను. కోపం రావాల్సింది, రాలేదు.

ఫ్రేముకు టోపీ ఎక్కించే పని నేను తీసుకున్నాను. నడుమ అతుకు సరిగ్గా గీత మీద పడాలి, బట్ట చర్మంలా బిగిసి ఉండాలి. నా చేతులకు ఏ లోటూ లేదు.

పదో పన్నెండో బాగా నడిచాయి. ప్రమీల చెయ్యి నెమ్మదించింది. ఆమెలో ఇంత నెమ్మది ఉందని నాకు తెలియదు. ఒకసారి హఠాత్తుగా మిషన్ ఆపి నా వైపు పిడికిలి తిప్పి చూపించింది. సాంచాల దగ్గర ఆమె పట్టుమని ఏడాది కూడా చేయలేదు. ఆ సైగ ఎప్పుడు నేర్చుకుందో. సూది తీసి మొన మీద గోరు రాశాను. గోరుకు తట్టుకుంది. ఇప్పుడిప్పుడే వంగుతోంది. టోపీకి ఇంకా ఏమీ కాలేదు.

నాకు ఏ చప్పుడూ వినపడలేదు. ఆమె మొహమే చూశాను. వినేటప్పుడు మెడ కొంచెం ఎడమకు వంచుతుంది. నేనూ అట్లాగే వంచేదాన్నని వెంకటవ్వ చెప్పింది.

జనవరి 18, ఆదివారం. అమావాస్య.

తలస్నానం, దీపం. మొదలుపెట్టిన పని కాబట్టి ఆపలేదు.

జయంతి అయ్యాక డాక్టర్ దగ్గరికి రావాలని ప్రమీల ఒట్టు వేయించుకుంది. వస్తానన్నాను. వెంకటవ్వ మాత్రం నన్ను పక్కకు పిలిచి, చెవి మిషన్ తెచ్చుకున్నా పెట్టుకోవద్దని సలహా ఇచ్చింది. నాకు కోడలు లేదు కదా అన్నాను.

"చెల్లె ఉన్నది గద" అంది.

జనవరి 19

ప్రమీల మిషన్ నడుపుతుంటే నేను పూజ చేసుకున్నాను. గంట కొట్టి వెనక్కి తిరిగి చూశాను. ఆమె కుట్టు మీద నుంచి కళ్ళు తీయకుండానే తలూపింది. మోగుతోందని.

మంచిదే. స్వామికి వినపడితే చాలు.

జనవరి 20, మంగళవారం

అయిపోయాయి. దీపాలు పెట్టే వేళకు మామ చేతుల్లో పెట్టాము. నేను ఒక్కదాన్నే పెట్టలేదు. ప్రమీలను కూడా పట్టుకోమన్నాను.

జనవరి 21, బుధవారం. మాఘ శుద్ధ తదియ.

కాళ్ళు లాగుతున్నాయి. అయినా ఇది రాసే పడుకుంటాను.

ఊరేగింపు మా గల్లీ మొగదలకు వచ్చేసరికి ఎండ బాగా ఎక్కింది. స్వామి పల్లకీ ముందర డప్పులు. వాటి చప్పుడు నాకు చెవుల్లోకి రాలేదు, ఛాతీలోకి వచ్చింది. అది చాలా బాగుంది. పల్లకీ వెనక మన వాళ్ళు. వరస వెనక వరస, తెల్ల టోపీలు. ప్రతి నుదుటి మీదా ఒక బాలుడు, ప్రతి బాలుడూ రెండు చేతులూ కలిపి లింగాన్ని పట్టుకుని. ఏవి నేను కుట్టానో, ఏవి ప్రమీల కుట్టిందో చూడాలనుకున్నాను. కొన్ని వరసలు దాటేదాకా చూశాను. తెలియలేదు. తర్వాత చూడటం మానేశాను.

పరమేశ్వర్ రెండో వరసలో ఉన్నాడు. మా ముందుకు రాగానే అరచేతిని గుండె మీద రెండుసార్లు తట్టాడు. తర్వాత ప్రమీలను చూసి, పొట్ట ముందు చెయ్యి గుండ్రంగా తిప్పాడు. సేఠ్ వస్తున్నాడని. ఆ సేఠ్ తనేనని అర్థమై ప్రమీల చెంప మీద ఒకటి ఇస్తానన్నట్టు చెయ్యెత్తింది.

పల్లకీ హారతి కోసం ఆగింది. దశరథం మామ ఉధ్నా సంఘం పెద్దలను వెంటబెట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. వాళ్ళలో ఒకాయన టోపీ తీసి చేత్తో తడిమి చూస్తున్నాడు. మామ నన్ను చూపించి వాళ్ళతో చెప్పాడు. ఆయన పెదవులు బాగా కనబడ్డాయి.

"మా భాగీరథి. మిషన్ మాట తెలిసిన మనిషి అని చెప్తి గద, ఈమెనే."

అది నా మాటే. ఎన్నేళ్ళుగానో నేను చెప్పుకుంటే వాళ్ళు చెబుతున్న మాట. ప్రమీల నా పక్కన కొంగు సర్దుకుంటూ వేరే ఎటో చూస్తోంది.

"నేను గాదు మామా. మిషన్ మాట తెలిసింది మా ప్రమీలకు. గీ పిల్లకు."

చుట్టూ అందరూ ఒక్కసారి నా వైపు తిరిగారు. పల్లకీ మోసేవాళ్ళు తిరిగారు. ఎదురు మేడ మీద ఆడవాళ్ళు వంగి చూశారు. డప్పుల వాళ్ళ చేతులు కిందికి దిగి ఉన్నాయి. వాళ్ళు ఎప్పుడు ఆపారో నాకు తెలియలేదు.

"మెల్లగ అక్కా" అంది ప్రమీల, నా మోచెయ్యి పట్టుకుని. మొహం ఎర్రగా అయింది. "గల్లీ మొత్తం ఇంటున్నది."

నా గొంతు ఎంత పెద్దదో ఇప్పుడు నాకు తెలుసు. అయినా తగ్గించలేదు. ఉధ్నా వాళ్ళలో వెనక నిలబడిన ఇద్దరికి వినపడలేదేమోనని ఇంకొకసారి చెప్పాను.